ఇరవై నాలుగు ఫ్రేము, ఇరవై ఎనిమిది చక్రం

పోయిన నెల మా మేనకోడలు శ్రావణి అశోక్‌నగర్‌లోని మా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకముందే ఫోను తీసి నా కళ్ళ ముందు పెట్టింది. అందులో ఒక సైకిలు బొమ్మ. గుట్టల మీద తొక్కే సైకిలట. ఫ్రేము ఉక్కుది, గేర్లు లేవు, చక్రాలు బాగా పెద్దవి. "అత్తా, ఇప్పుడు తెలిసినోళ్ళందరు ఇదే కొంటున్నరు. గేర్లు లేకపోవుడే దీని గొప్ప. నాకు ఏ సైజు ఫ్రేము పడ్తదో జర లెక్క చూసి చెప్పు. అమ్మనడిగితె 'ఎక్కి చూడు, నీకే తెలుస్తది' అని ఫోన్ పెట్టేసింది" అంది. నేను అద్దాలు పెట్టుకుని బొమ్మను పెద్దది చేసి చూశాను. వెనుక చక్రానికీ ఫ్రేముకూ మధ్య జాగా, అడ్డకడ్డీ ఎత్తు, గొలుసు తిరిగే పళ్ళచక్రాలు, ఒక్కొక్కటీ చూస్తున్న కొద్దీ నాకు నవ్వొచ్చింది. దీన్ని కొత్త సరుకని నాకు చూపిస్తున్న పిల్ల తల్లి, అంటే మా సుగుణ వదిన, ఇలాంటి ఫ్రేమునే కోఠిలో ఒక దుకాణం పైకప్పు కొక్కేల నుంచి దింపించింది. అప్పుడు శ్రావణికి నాలుగేళ్ళు. ఆ సంగతి దానికి సరిగా తెలియదు. ఇంట్లో అందరూ తలా ఒక తీరుగా చెబుతారు. మా అన్న చెప్పేదాంట్లో అయితే ఆ ఫ్రేము ఎంచింది తనే. ఉన్నది ఉన్నట్టు చెప్పేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను కాబట్టి రాస్తున్నాను.

అప్పుడు మేము చిక్కడపల్లిలో ఒక సందులో కిరాయికి ఉండేవాళ్ళం. రెండు గదులు, వంటిల్లు, ముందర నాపరాళ్ళు పరిచిన చిన్న వాకిలి. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. అమ్మ, ఒక గోడౌనులో పనిచేసే అన్న, వదిన, శ్రావణి, నేను. నేను నారాయణగూడలో ఒక ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పేదాన్ని. కొలువులో చేరి మూడో ఏడు, పాఠం చెప్పి వచ్చాక చేతులకంటిన సుద్దపొడి చూసుకుని ఇంకా మురిసిపోయే రోజులు. నల్లా నీళ్ళ చప్పుడుతో ఇల్లు లేచేది. వదిన అరచేతుల మధ్య జొన్నరొట్టె చరిచే చప్పుడు, అల్లం దంచి వేసిన చాయ్ వాసన, కిరసనాయిలు స్టవ్వు ఆర్పినప్పుడు వచ్చే ఘాటు, ఇవన్నీ వరుస తప్పకుండా వచ్చేవి. వాసనను బట్టి నేను టైము చెప్పగలిగేదాన్ని. పనులు తెమిలాక అమ్మ గడపలో జల్లెడ పట్టుకుని కూర్చునేది. పిండిని ఎంత శ్రద్ధగా జల్లించేదో సందును కూడా అంతే శ్రద్ధగా జల్లించేది. ఎవరింటికి చుట్టాలొచ్చారు, ఎవరి కోడలు ఏ వేళకు బయటికి పోయింది, అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఉండి పరీక్షలకు చదివే పిల్లల్లో ఎవరు చిక్కిపోయారు, అంతా ఆమె జల్లెడలోంచి దిగాల్సిందే. ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేదు. ఆమె మాట ఎప్పుడూ గట్టిగా ఉండేది కాదు, ఒకసారే ఉండేది.

సుగుణ వదినది జనగామ దిక్కు పల్లె. మా ఇంటి దర్వాజలో తల వంచి నడిచే ఆడమనిషి ఆమె ఒక్కతే. సంబంధం చూసి వచ్చిన రోజు, పిల్ల పిలగాని కంటె ఎత్తున్నదని అమ్మ వెనకాడితే, "మంచిదే అమ్మా, అటుక మీది సామాన్లకు నిచ్చెన అక్కర్లేదు" అన్నాడట అన్న. ఆమె తండ్రి ఊరూరికీ సైకిలు మీద ఉత్తరాలు పంచే టప్పా మనిషి. సీటు అందని వయసులోనే వదిన ఆయన సైకిలు అడ్డకడ్డీ కింద నుంచి కాలు దూర్చి, కత్తెరలాగా వంకరగా నిలబడి తొక్కడం నేర్చింది. దాన్ని వాళ్ళు కైంచీ తొక్కుడు అనేవారు. పెళ్ళికి ముందే నర్సు ట్రైనింగు పూర్తి చేసింది. పెళ్ళయి వచ్చాక ఆరేళ్ళు రొట్టెలు చేస్తూ, పిల్లను పెంచుతూ ఉద్యోగం కాగితం కోసం చూసింది. ఆ ఎదురుచూపు గురించి ఎప్పుడూ మాట్లాడేది కాదు. కానీ సందులో ఏ పిల్లకు జ్వరమొచ్చినా, ఎవరి పుండు మానకపోయినా, తడిచేయి కొంగుకు తుడుచుకుని పరుగెత్తుకు పోయేది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె నడక వేరుగా ఉండేది. నేను అది చూసేదాన్ని.

కాగితం బుధవారం వచ్చింది; వచ్చే సోమవారం చేరాలి. కీసర దిక్కు ఒక ఊళ్ళో చిన్న ఆరోగ్య కేంద్రం, దాని కింద గుట్టల మధ్య విసిరేసినట్టున్న ఐదు పల్లెలు. కేంద్రం దాకా బస్సుంది. అక్కణ్ణుంచి రాళ్ళు తేలిన బండ్లబాటలు. చంటిపిల్లల టీకామందును ఐసుపెట్టెలో పెట్టుకుని, ఐసు కరిగేలోపల తిరిగి సూదులు వేయాలి. అంతకుముందు అక్కడ వేసిన ఇద్దరు నర్సులు నడవలేక మానేశారట. చేరకపోతే కొలువు వెనక ఉన్నవాళ్ళకు పోతుంది; మళ్ళీ పేరు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు.

"గుట్టలల్ల ఒక్కదానివి ఎట్ల తిరుగుతవే?" అంది అమ్మ, చాయ్ గ్లాసు కింద పెట్టి.

"సైకిలు మీద, అత్తమ్మా."

"సైకిలా? అక్కడ మేకలు కూడ ఆగి ఆగి ఎక్కుతయ్."

"మా నాయిన తొక్కిండు గద, అసొంటి బాటలల్లనే."

"మీ నాయిన సర్కారు మనిషి."

"సోమారం సంది నేను గూడ గంతే గద."

అన్న దగ్గి నవ్వు మింగాడు. అమ్మ నవ్వలేదు. కాసేపు కాగితం వైపు చూసింది. ఆమెకు చదువు రాదు, అయినా చూసింది. "సరే. అడిక్‌మెట్ చడావు ఉన్నది గద. ఆదివారం పొద్దుగాల, సామాన్ తోని, నడిమిట్ల కాలు కింద పెట్టకుంట పైదాక ఎక్కి చూపియ్యి. ఎక్కితె సోమారం పో. లేకుంటె ఆ కాగితం మడిచి పెట్టెల పెట్టు. మల్ల ఆ ముచ్చట తియ్యొద్దు" అంది. రాంనగర్ దాటాక వచ్చే ఆ ఎత్తు మీద సైకిళ్ళవాళ్ళు దిగి నెట్టుకుంటూ పోవడం అమ్మ ఎన్నోసార్లు చూసింది. వదిన "మంచిది అత్తమ్మా" అని గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది. అమ్మకు ఆమె మీద కోపం లేదు. భయం. అమ్మ భయం ఎప్పుడూ షరతు రూపంలోనే బయటికి వచ్చేది. వంటింట్లో వదిన ఒకే గ్లాసును చాలాసేపు కడిగింది. ఆరేళ్ళ ఎదురుచూపు ఇప్పుడు ఒక సైకిలు మీద ఆధారపడింది, ఆ సైకిలు ఇంకా కొననే లేదు.

మర్నాడు అన్న ఉత్సాహంగా వచ్చాడు. కోఠిలో కొత్త రకం సైకిళ్ళు దిగాయట. లావు టైర్లు, నిటారు హ్యాండిలు, మంట రంగు, గేర్లు. "పేరే పర్వతం సైకిలు. ఇంతకన్న ఏం గావాలె నీకు?" అన్నాడు.

"చక్రం ఎంతున్నది?" అంది వదిన.

"చిన్నగనే ఉన్నది, ముద్దుగ."

వదిన వంటింట్లోంచి గుప్పెడు గుప్పెడు చింతగింజలు తెచ్చి నాపరాళ్ళ మీద పరిచింది. టీ పొడి డబ్బా మూత నిలబెట్టి వాటి మీదికి దొర్లించింది. మూత రెండు గింజలు తగలగానే తూలి పడిపోయింది. ఆ తరువాత గోడకు తగిలించిన అమ్మ జల్లెడ తీసి అదే విసురుతో వదిలింది. జల్లెడ గింజల మీద గలగలమంటూ పోయి అవతలి గోడకు కొట్టుకుంది. "రాయికి చిన్న చక్రం అడ్డం పడ్తది. పెద్ద చక్రం మీదికెల్లి పోతది. ఇగ గేర్లంటరా, ఆ తీగ తెగితె ఆ పల్లెలల్ల బాగు చేసెటోడేడి? పంచరేసెటోడు దొరికితెనే గొప్ప. ఒక్కటే గేరుంటె తెగెతందుకు ఏం ఉండది" అంది.

"నా జల్లెడ ఏమన్న ఆటబొమ్మనా?" అంది గడపలోంచి అమ్మ. కానీ జల్లెడను ఎత్తుకుని దాని అంచు వేలితో తడిమి, ఒకసారి ఆ చింతగింజల వైపు చూడటం నేను గమనించాను. అన్న మంట రంగు సైకిలును మరిచిపోవడానికి మాత్రం ఇంకా రెండు రోజులు పట్టింది.

ఇక ఫ్రేము కొలత. దుకాణాల్లో కొలిచే పద్ధతి ఒకటుంది: సీటును చంకలో పెట్టి చేయి చాస్తే, వేలికొస పెడల్ ఇరుసుకు తగలాలి. ఆడవాళ్ళకైతే ఆ చేతి కొలతే దిక్కు, కాలు కొలవనిచ్చేదెవరు? వదిన చేతులు నా చేతులంతే ఉండేవి. ఆమె ఎత్తంతా కాళ్ళలో ఉంది. చేతి కొలతతో ఇరవై రెండు ఫ్రేము, అంటే సీటు గొట్టం ఇరవై రెండు అంగుళాలది, వస్తుంది. దాని మీద ఆమె మోకాళ్ళు హ్యాండిలుకు తగులుతాయి. అందుకని శుక్రవారం సాయంత్రం బడి నుంచి బోర్డు మీద గీతలు గీసే పెద్ద స్కేలు తెచ్చి గది తలుపు గడియ పెట్టాను. వదిన చీర విప్పి అన్న పైజామా వేసుకుని గోడకు ఆనుకుని నిలబడింది. అట్ట గట్టిగా ఉన్న జామెట్రీ పుస్తకాన్ని కాళ్ళ మధ్య నిలువుగా ఆనించి, దాని పై అంచు దగ్గర గోడ మీద పెన్సిలు గీత పెట్టాను. ఆమె నవ్వు ఆపుకోలేక కదలడం, నేను కసరడం, మళ్ళీ కొలవడం. "ఏం జేస్తున్నరే లోపట, తలుపు పెట్టుకోని?" అని అమ్మ. "లెక్కలు అమ్మా" అన్నాను. మూడుసార్లూ ముప్పై ఐదు అంగుళాలే వచ్చింది. ఇరవై ఎనిమిది చక్రాల మీద ఇరవై నాలుగు ఫ్రేము నిలిపితే అడ్డకడ్డీ నేల నుంచి ముప్పై నాలుగు దగ్గర వస్తుంది. ఒక అంగుళం జాగా. నేను ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

శనివారం మధ్యాహ్నం అన్న, వదిన, నేను బడి స్కేలుతో సహా కోఠిలో బస్సు దిగాం. బడికి కావలసిన పుస్తకాల కట్ట మొదట తీసుకుని సైకిళ్ళ దుకాణానికి పోయాం. ఆ రోజుల్లో సైకిలు తయారుగా ఉండేది కాదు. పైకప్పు కొక్కేలకు ఫ్రేములు వేలాడేవి, గోడలకు రిమ్ములు, అరలలో గొలుసులు. ఏది ఎంచుకుంటే దాన్ని బిగించి ఇచ్చేవారు. యజమాని మంచి మాటకారి. అన్న చూపు పడ్డ చోటికి తన చేయి పెట్టి, "సార్ కరెక్టుగ చూసిండు! గేర్ల మాల్. అక్కకు లేడీస్ ల కూడ ఉన్నది, కడ్డీ వంచి, ముంగట బుట్ట పెట్టి" అన్నాడు.

"లేడీస్ ది ఎంత ఎత్తుంటదన్నా?" అంది వదిన.

"పద్దెనిమిది. ఎక్కువల ఎక్కువ ఇరవై."

"నేను మా బిడ్డకు కొంటలేను. ఆ పైన తగిలేసిన నల్లటియి దింపుండ్రి. ఇరవై నాలుగు."

ఆయన అన్న వైపు చూశాడు. అన్న నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను. ఫ్రేములు దిగాయి. వదిన మొదటిదాన్ని ఒక చేత్తో వేలాడదీసి పట్టుకుని, ఇంటి తాళంచెవితో అతుకు అతుకు దగ్గరా కొట్టి విన్నది. అతుకు సరిగా పారిన చోట ఖంగుమంటుంది, లోపల బోలుంటే చప్పగా పలుకుతుంది. ఒక అతుకు దగ్గర ఆమె రెండోసారి కొట్టి ఆ ఫ్రేమును పక్కన పెట్టింది. రెండోది అంతటా పలికింది. అప్పుడు నా చేతిలోని పుస్తకాల కట్ట అడిగి తీసుకుని, దాని పురికొస విప్పేసింది. పుస్తకాలు మళ్ళీ నా చేతుల్లోకి వచ్చాయి. పురికొసను వెనుక చక్రం కూర్చునే గాడికి కట్టి, ముందు హ్యాండిలు గొట్టం చుట్టూ తిప్పి, వెనుక రెండో గాడికి బిగించి లాగింది. "వసంతా, నీ స్కేలు తియ్యి. ఈ దారానికి, సీటు గొట్టానికి నడుమ రెండు దిక్కుల ఎంతెంతున్నదో చూడు" అంది. ఎడమ వైపు కంటె కుడి వైపు రెండు గీతలు ఎక్కువ. "వంకరున్నది. చక్రం నెట్టంగ నెట్టంగ ఒక పక్కకు గుంజుతది" అని అదీ పక్కన పెట్టింది.

"అక్కా, మా అమ్మ నాకు పిల్లను చూడవోయినప్పుడు కూడ ఇంత చూడలేదక్కా" అన్నాడు యజమాని, చెమట తుడుచుకుంటూ.

"పిల్ల అయితె సర్దుకుంటదన్నా. ఇనుము సర్దుకోదు" అంది వదిన, మూడో ఫ్రేముకు దారం కడుతూ.

ఆయనే ముందు నవ్వాడు. మూడోది రెండు వైపులా సమానంగా వచ్చింది. నేను రెండుసార్లు చూశాను. వెనుక చక్రం కూర్చునే రెండు కడ్డీల మధ్య వేళ్ళు దూర్చి, లావు టైరుకు జాగా ఉందని కూడా ఆమె చూసుకుంది. వెనుక పళ్ళచక్రం దగ్గర మాత్రం నన్ను అడిగింది. మామూలుగా పద్దెనిమిది పళ్ళది బిగిస్తారు. నేను అక్కడే నిలబడి లెక్క చెప్పాను. ఇరవై ఎనిమిది అంగుళాల చక్రం చుట్టుకొలత ఎనభై ఎనిమిది అంగుళాలు, శేషం లేదు. ముందు నలభై నాలుగు పళ్ళు, వెనుక పద్దెనిమిది అయితే ఒక తొక్కుకు దాదాపు పద్దెనిమిది అడుగులు పోతుంది. ఇరవై రెండు పళ్ళయితే చక్రం సరిగ్గా రెండు చుట్లు తిరుగుతుంది, పద్నాలుగున్నర అడుగులు దాటి పోతుంది. సాపు రోడ్డు మీద నెమ్మది, ఎత్తు మీద తేలిక. "నాకు తొందరేం లేదు. ఇరవై రెండు పెట్టుండ్రి" అంది వదిన. నేను అప్పటిదాకా ఎన్ని క్లాసులకు వృత్తం చుట్టుకొలత చెప్పానో. ఒక మనిషి కాలికి అది పనికి రావడం చూసింది ఆ రోజే.

ఇప్పుడు శ్రావణి ఫోనులో వరుసగా యాభై ఫ్రేములు చూసి, నచ్చింది ఎంచుకుంటే అట్టపెట్టెలో ఇంటికి వస్తుంది. సరిపోకపోతే వాపసు. దానికి అది ఆదివారం సరదా, మంచిదే. సరదా కోసం ఒక ఆడపిల్ల ఉక్కు ఫ్రేము ఎంచుకునే రోజు వచ్చిందంటే నాకు సంతోషమే. కానీ ఆ పిల్ల తాళంచెవితో కొట్టి చూడదు. చూడాల్సిన అవసరమూ లేదు. వదినకు వాపసు లేదు. ఒక్క ఫ్రేము, ఒక్క ఆదివారం.

ఆ శనివారం సాయంత్రం అన్న కొత్త సైకిలును తొక్కుకుంటూ వచ్చాడు, కాళ్ళు అందక మునివేళ్ళతో. వదిన ఆ రాత్రి దాన్ని తుడిచింది కానీ ఎక్కలేదు. కోడలు సందులో సైకిలెక్కడమంటూ జరిగితే ఆదివారం ఒక్కసారే జరగాలని అమ్మ ఆనతి. ఆదివారం తెల్లవారగానే వదిన ఉద్యోగానికి కట్టుకోబోయే తెల్లచీరే కట్టుకుంది. వాకిలి దాటి సైకిలును సందులో నిలబెట్టి, కాలు వెనక్కి విసిరింది. కాలు అడ్డకడ్డీ దాకా కూడా రాలేదు. కుచ్చిళ్ళు మోకాళ్ళ దగ్గర పట్టేశాయి. మళ్ళీ విసిరింది. చీర చిరిగే చప్పుడు. హాస్టలు పిల్లలు ఇద్దరు చాయ్ కోసం పోతూ ఆగారు. "అక్కా, హై జంపా?" అన్నాడు ఒకడు.

మూడుసార్లు కొలిచాను, అంగుళం జాగా తేల్చాను, కొలిచింది పైజామాలో. గడియ పెట్టుకుని చీర విప్పించి మరీ కొలిచిన ఇద్దరు ఆడవాళ్ళకు, బయటికి వెళ్ళేటప్పుడు చీర ఉంటుందని తోచలేదు. "నేను చెప్పిన గద, గేర్లది తీసుకుందామని" అన్నాడు అన్న. గేర్లదానికీ అడ్డకడ్డీ ఉంటుందని చెప్పే ఓపిక నాకు లేకపోయింది. వదిన హ్యాండిలు పట్టుకుని తల వంచుకుని నిలబడింది. ఆమె తల వంచడం దర్వాజ దగ్గర తప్ప నేను చూసి ఎరగను.

అమ్మ గడపలోంచి లేచింది. షరతు పెట్టింది ఆమె. ఊరుకుంటే ఆ రోజుతో ఆ ముచ్చట ముగిసేది. "ఇటు రా లోపటికి" అంది. తలుపు మూసుకుంది. లోపల నుంచి మాటలు: "ఊపిరి పట్టు. కాళ్ళు ఎడం పెట్టు. సిగ్గెందుకే, నాట్లేసేటప్పుడు మేమందరం గిట్లనే కట్టెటోళ్ళం. మోకాటి లోతు బురదల కుచ్చిళ్ళు పెట్టుకుంటరా ఎవలన్న?" కాసేపటికి వదిన బయటికి వచ్చింది. ఆ తెల్లచీరే గోచీ పోసి ఉంది. ముందు కుచ్చిళ్ళు కాళ్ళ మధ్య నుంచి వెనక్కి లాగి, నడుము దగ్గర బిగించి దోపి, పిక్కల మీదుగా చక్కగా అమరింది. అమ్మ గోచీ కట్టడం మేము ఎప్పుడూ చూడలేదు. పట్నం వచ్చాక మానేసిందట. వదిన కాలు విసిరింది. సీటు మీద కూర్చుంది. రెండు మునిపాదాలూ నేలకు ఆనాయి. అంగుళం అంగుళమే ఉంది. హాస్టలు పిల్లలు పక్కకు జరిగి దారి ఇచ్చారు.

అమ్మా నేనూ రిక్షాలో ముందే పోయి ఎత్తు మీద నిలబడ్డాం. అన్న కింద రాంనగర్‌లో ఐసు ముక్క కొని, అల్యూమినియం డబ్బాలో రంపపు పొట్టు మధ్య పెట్టి, నా పుస్తకాల సంచితో పాటు వెనుక క్యారియరుకు కట్టాడు. ఐసు వదిన కోరిక. అసలు పెట్టె ఇంకా చేతికి రాలేదు, కరుగుతుందో లేదో తనకు తెలియాలంది. ఇప్పుడు ఆ దారిన ఆటోలో పోతుంటే అది ఎత్తని కూడా తెలియదు. డ్రైవరు ఫోనులో మాట్లాడుతూనే ఎక్కించేస్తాడు. కాలితో కొలిచినవాళ్ళకే అది ఎత్తు. వదిన కింద చిన్నగా కనబడింది. మొదట కూర్చునే తొక్కింది, తొందర లేకుండా. సగం దగ్గర లేచి నిలబడి, ఒక్కో పెడలు మీద ఒళ్ళంతా మోపింది. ఎదురుగా బస్సు హారను కొడుతూ దిగితే పక్కకు జరిగి రాళ్ళలోకి పోయింది. పెద్ద చక్రం ఆ రాళ్ళ మీదుగా పోయి మళ్ళీ రోడ్డెక్కింది. అమ్మ నా చేయి పట్టుకుంది. పట్టుకున్నట్టు ఆమెకు తెలియదు. ఇంకా ఇరవై గజాలుందనగా సైకిలు దాదాపు ఆగిపోయింది. వదిన దిగింది. పడలేదు, తూలలేదు. తన స్టాపులో బస్సు దిగినట్టు దిగి, ఒక చేయి సీటు మీద, ఒక చేయి హ్యాండిలు మీద వేసి, నెట్టుకుంటూ మా దగ్గరికి వచ్చింది.

"దిగినవ్" అంది అమ్మ.

"దిగిన అత్తమ్మా."

"కాలు కింద పెట్టద్దన్న."

"అన్నరు." వదిన ఊపిరి తీసుకుంది. "తొక్కగలిగినంత సేపు తొక్కిన. ఇంక కాదనంగనే దిగిన. మొండికేస్తె పడ్తుంటి, డబ్బా బోర్ల పడ్తుండె. నేను పోయేది పందెం గెలిచెతందుకు గాదు గద. గుట్ట మీద దిగి నడిస్తె, పిల్లకు సూది తప్పుతదా?"

కింద నుంచి రొప్పుతూ వచ్చిన అన్న, "ఇంక ఇరవై గజాలే గద అమ్మా" అన్నాడు.

"నువ్వు ఆగురా." అమ్మ క్యారియరు దగ్గరికి పోయి డబ్బా మూత తీసింది. పొట్టులోకి వేళ్ళు పెట్టి, కరగని ఐసు ముక్క మీద చాలాసేపు ఉంచింది. తీసి, తడి చేతిని కొంగుకు తుడుచుకుంది. వదిన నుదుటి నుంచి కారే చెమట వైపు, గోచీ వైపు, మేము ఎక్కి వచ్చిన దారి వైపు చూసింది. నాకు తెలిసిన అమ్మ మాట ఒకసారే ఉంటుంది. ఆ మాట బుధవారమే అయిపోయింది. ఇరవై నాలుగు పళ్ళది పెట్టించి ఉంటే ఈ ఇరవై గజాలు వచ్చేవేమోనని నేను మనసులో లెక్క వేస్తున్నాను.

"నాకు కాళ్ళు గుంజుతున్నయ్" అంది అమ్మ చివరికి. "మల్ల రిక్షాల ఎవలు కూసుంటరు. ఆ పుస్తకాల సంచి దానికియ్యి. నన్ను ఎన్క ఎక్కించుకో. దిగుడే గద."

సంచి నా చేతికి వచ్చింది. అమ్మ క్యారియరు మీద పక్కకు తిరిగి కూర్చుని, ఐసు డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఒక చేత్తో వదిన నడుము దగ్గర తను దోపిన గోచీనే పట్టుకుంది. "బ్రేకులు చూసుకున్నవా?" అంది. "చూసుకున్న అత్తమ్మా." సైకిలు కదిలింది. అన్నా నేనూ వెనక పరుగులాంటి నడకతో దిగుతున్నాం. పెద్ద చక్రాలు వేగం అందుకున్నాయి. వదిన వీపు నిటారుగా ఉంది. అమ్మ తల మీద కొంగు జారి గాలికి ఎగురుతోంది, ఆమె సర్దుకోవడం లేదు. రాంనగర్ మలుపు దగ్గర కూరగాయల బండ్లు, జనం, రోడ్డుకు అడ్డంగా ఇద్దరు ముచ్చట్లు పెట్టుకుని నిలబడ్డారు. ఎప్పుడూ గొంతు పెంచని మా అమ్మ అరుపు అంత దూరం నుంచీ మాకు వినిపించింది:

"జరుగుండ్రి, జరుగుండ్రి! నర్సమ్మ అస్తున్నది!"